ద్వీపాంతరవాసి దస్తూరి

1858 మార్చి 10వ తేదీన డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగిన నాటి నుంచి, ద్వీపాంతరవాస శిక్ష అనగానే మనకు అండమాన్ దీవులే స్ఫురిస్తూ వచ్చాయి. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన ఆ పట్టణానికి చేరిన ఖైదీలలో విద్వాంసులు, లేఖకులు కూడా ఉన్నారు. 1859లో ఇక్కడికి వచ్చి 1861లో ఇక్కడే కన్నుమూసిన ఫజ్ల్-ఎ-హక్ ఖైరాబాదీ, 1857 తిరుగుబాటు వృత్తాంతాన్ని బొగ్గుతో గుడ్డపీలికల మీద, కాగితపు ముక్కల మీద అరబ్బీలో వ్రాశాడని, విడుదలైన తోటి ఖైదీ ఒకరు వాటిని ఆయన కుమారునికి చేర్చారని ప్రతీతి. 1866లో వచ్చిన జాఫర్ థానేసరీ ఇక్కడి సర్కారు కచేరీలోనే గుమాస్తాగా పనిచేశాడు. 1883లో విడుదలై స్వస్థలానికి వెళ్ళి ‘కాలాపానీ’ అనే స్వీయచరిత్ర వ్రాశాడు. సెల్యులార్ జైలు గోడల మీద మేకులతో, ముళ్ళతో గీసిన అక్షరాల సంగతి అందరికీ తెలిసినదే. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వారిలో కొందరూ ఈ సముద్రం దాటినవారే.

సముద్రం దాటించిన మనిషి చేతివ్రాతను రాజ్యం ఏమి చేయగలదన్న ప్రశ్న, ఈ దీవులలో ప్రభుత్వోద్యోగం చేస్తూ చరిత్ర చదువుకునే నావంటి వానికి తరచు కలుగుతూ ఉంటుంది. దానికి సమాధానం వెదుకుతూ పోయినప్పుడు, ఖైరాబాదీకి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళకు ముందు, ఇదే విధంగా ఒక దీవికి పంపబడిన మరొక ప్రభుత్వోద్యోగి తారసపడ్డాడు. ఆయన చైనా దేశపు సుంగ్ వంశ కాలానికి చెందిన కవి, లిపికళాకారుడు సు షి. సు దోంగ్‌పో అన్న పేరుతో ఇంకా ప్రసిద్ధుడు. ఆయన చేరిన దీవి హైనాన్.

సు షి 1037 జనవరిలో, నేటి సిచువాన్ రాష్ట్రంలోని మెయ్‌షాన్‌లో జన్మించాడు. మన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న కాలమది. నన్నయభట్టు ఆయనకు సమకాలికుడు. తండ్రి సు షున్, తమ్ముడు సు జె ఇద్దరూ గొప్ప వచన రచయితలు. అన్నదమ్ములిద్దరూ 1057లో రాజధాని కైఫెంగ్‌లో జరిగిన పరీక్షలో ఒకేసారి ఉత్తీర్ణులయ్యారు. ఆ పరీక్షా విధానంలో ఒక విశేషముంది. అభ్యర్థి పేరును కప్పివేయడమే కాక, దస్తూరిని బట్టి ఎవరిదో గుర్తుపట్టకుండా, సమాధాన పత్రాన్ని యావత్తు గుమాస్తాల చేత తిరగవ్రాయించి, ఆ నకలునే పరీక్షకులకు ఇచ్చేవారు. ప్రధాన పరీక్షకుడు ఒయాంగ్ షియూ ఒక పత్రం చదివి ముగ్ధుడై, ఇంత బాగా వ్రాయగలవాడు తన శిష్యుడు జెంగ్ గొంగ్ తప్ప మరొకడు ఉండడని భావించి, పక్షపాతమన్న నింద వస్తుందేమోనని ఆ పత్రానికి రెండవ స్థానం ఇచ్చాడట. అది సు షి పత్రం. తన యుగంలోనే అగ్రగణ్యమని తరువాత పేరు పొందిన దస్తూరి, ఉద్యోగంలోకి వచ్చిన రోజున ఎవరి కంటా పడకపోవడం చిత్రమే!

ఇక్కడ చైనా లిపికళ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. మనకు అనాదిగా వ్రాత అంటే గంటంతో తాటియాకు మీద గీయడం. గీసిన గీతలో మసి పూస్తేనే గాని అక్షరం కనపడదు. గీత మందం మొదటి నుంచి చివరి వరకు ఒకటే. చైనావారిది కుంచె. పైన్ కట్టెను కాల్చిన మసిని జిగురుతో కలిపి కడ్డీలుగా ఆరబెట్టి, వ్రాసేవేళ సానరాతి మీద నీటితో అరగదీసి, ఆ సిరాను మెత్తని వెంట్రుకల కుంచెతో కాగితం మీద పెడతారు. కాగితం సిరాను వెంటనే పీల్చుకుంటుంది కనుక పెట్టిన గీతను దిద్దడానికి వీలులేదు. ప్రతి అక్షరానికీ ఏ గీత ముందు, ఏ గీత తరువాత అన్నది నియతమై ఉంటుంది. కాబట్టి చూడటం తెలిసిన వానికి, వ్రాసిన చేయి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ సిరా ఆరిపోయిందో, వేయి సంవత్సరాల తరువాత కూడా స్పష్టంగా తెలిసిపోతుంది. మన పల్లెల్లో పాత కరణాల గొలుసుకట్టు చూసి ‘ఇది ఫలానావారి దస్తూరి’ అని చెప్పగల పెద్దలు ఉండేవారు. చైనా విద్వాంసులు ఆ గుర్తుపట్టడాన్నే ఒక శాస్త్రంగా, ఒక రసానుభూతిగా పెంచారు. విడివిడిగా నిలిచే పొందికైన అక్షరాలకు, పూర్తి గొలుసుకట్టుకు నడుమ వారికొక నడకవ్రాత ఉన్నది. సు షి ప్రావీణ్యమంతా ఆ నడకవ్రాతలోనే.

చిన్ననాడు ఆయన నాలుగవ శతాబ్దపు వాంగ్ షిజి లిపిని అనుసరించాడనీ, నడివయస్సులో తాంగ్ వంశ కాలపు యెన్ జెన్‌చింగ్ లిపివైపు మొగ్గాడనీ ఆయన మిత్రుడు హ్వాంగ్ తింగ్‌జియెన్ వ్రాశాడు. యెన్ జెన్‌చింగ్ రాజద్రోహులకు లొంగక ప్రాణమిచ్చిన అధికారి. బలమైన, నిండైన అక్షరం ఆయనది. సు షి ఆయన్ని మెచ్చడంలో అక్షరం మీది ఇష్టమెంతో, మనిషి మీది గౌరవమూ అంతే. అయితే ఎవరి అడుగుజాడలూ తొక్కకుండా వ్రాయడమే తన ఆనందమని ఆయన స్వయంగా చెప్పుకున్నాడు.

ఆయన కుంచె పట్టే తీరు ఆనాటి వారికి విడ్డూరంగా తోచింది. చేతిని గాలిలో నిలిపి, కుంచెను నిటారుగా పట్టాలన్నది శాస్త్రం. సు షి మణికట్టును బల్లమీద ఆనించి, కుంచెను పక్కకు వాల్చి, మనం కలం పట్టినట్టు పట్టేవాడు. అందువల్ల ఆయన అక్షరాలు అడ్డంగా పరచుకొని, కండపట్టి, కొంచెం కుడిపైపుకు లేచి ఉంటాయి. ఎడమవైపు గీతలు సొగసుగానూ, కుడివైపువి ఎండినట్టుగానూ ఉండడానికి ఈ వాలుకుంచే కారణమని హ్వాంగ్ తింగ్‌జియెన్ నిదానంగా వివరించాడు. స్నేహితులిద్దరి మధ్య ఒక పరిహాసం కూడా ప్రచారంలో ఉన్నది. హ్వాంగ్ అక్షరాలు చెట్టుకొమ్మకు వేలాడే పాముల్లా ఉన్నాయని సు షి అంటే, మీవి రాతికింద నలిగిన కప్పల్లా ఉన్నాయని హ్వాంగ్ బదులిచ్చాడట. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారని పాత గ్రంథం చెబుతున్నది. మరొక మహా లిపికారుడు మి ఫు, సు షి అక్షరాలు వ్రాయడని, బొమ్మలా గీస్తాడని అన్నాడు. ఇవన్నీ దోషాలే కావచ్చు. కాని ఆ దోషాలను తీసివేస్తే సు షి మిగలడు. సిరా విషయంలో మాత్రం ఆయన పట్టింపు అంతా ఇంతా కాదు. చిక్కగా ఉండాలి, పసిపిల్లవాని కనుపాపలా నల్లగా నిగనిగలాడాలి.

ఉద్యోగ జీవితాన్ని గబగబా చెప్పుకుందాం. వాంగ్ అన్‌షి ప్రవేశపెట్టిన నూతన ఆర్థిక విధానాలు ప్రజలను పీడిస్తున్నాయని విమర్శించి, సు షి రాజధాని విడిచి జిల్లాల పాలనకు వెళ్ళాడు. 1077లో షూజో పాలకుడుగా ఉండగా పసుపునది గట్లు తెగి వరద నగరాన్ని చుట్టుముట్టినప్పుడు, ఆయన కోటగోడ మీదనే ఉండి జనం చేత మట్టి పోయించి ఊరును కాపాడాడు. (వేంగి రాజకుమారుడై చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుని రాయబారులు 72 మంది సుంగ్ చక్రవర్తి కొలువుకు చేరినది కూడా ఆ 1077లోనే. రాజేంద్రచోళుని శాసనంలో ‘మానక్కవారం’గా పేర్కొన్న నికోబార్ దీవుల పక్కనుంచే వారి ఓడలు సాగి ఉండాలి.) వరద తగ్గిన తరువాత కోట తూర్పు ద్వారం మీద ‘పసుపు మేడ’ కట్టించాడు. తమ్ముడు దానిపై ఒక రచన చేయగా, అన్న దాన్ని తన దస్తూరితో వ్రాసి రాతిపై చెక్కించాడు. ఈ రాయిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని ప్రస్తావన వస్తుంది.

1079లో హూజో పాలకుడుగా ఉండగా ఆయనను నిర్బంధించారు. అధికారుల నడవడిని విచారించే కార్యాలయానికి అక్కడి చెట్లమీది కాకుల వల్ల ‘కాకుల మేడ’ అని పేరు. అక్కడి చెరలో వందరోజులకు పైగా విచారణ సాగింది. నేరం కవిత్వం. ఆయన పద్యాలలో ప్రభుత్వంపై వ్యంగ్యం ఉన్నదని, ముద్రిత సంపుటాలను సాక్ష్యంగా పెట్టి, ఒక్కొక్క పద్యానికి ఆయన చేతనే వివరణ వ్రాయించారు. ప్రాణం దక్కింది గాని, యాంగ్‌జి నది ఒడ్డున ఉన్న హ్వాంగ్‌జో అనే చిన్న ఊరికి పేరుకు మాత్రం ఒక సైనిక పదవి ఇచ్చి పంపించారు. ఆ ఉత్తరువులో ఒక షరతు ఉన్నది: ప్రభుత్వ పత్రాలపై ఆయన చేవ్రాలు చేయరాదు!

నిత్యం ఫైళ్ళపై సంతకాలు చేసే మనవంటి వారికి ఈ షరతులోని కసి చప్పున అర్థమవుతుంది. దేశంలో అందరికంటె విలువైన దస్తూరి ఎవరిదో, ఆ చేతికే చేవ్రాలు నిషిద్ధం. జీతం లేదు. 1081లో ఊరికి తూర్పున ఉన్న బీడుభూమిని అడిగి పుచ్చుకొని తానే సేద్యం చేశాడు. ఆ తూర్పు వాలునేలే ‘దోంగ్‌పో’. అదే ఆయన పేరైపోయింది.

1082 వసంతంలో, హన్‌షి పండుగనాడు, అంటే పొయ్యి వెలిగించకుండా చల్లని అన్నం తినే రోజున, ఆయన రెండు పద్యాలు చెప్పాడు. తరువాత వాటిని ఒక కాగితంపై వ్రాశాడు. దాదాపు రెండు మీటర్ల పొడవున్న ఆ కాగితం మీద 17 పంక్తులు, 129 అక్షరాలు ఉన్నాయి. చైనా నడకవ్రాతలో అత్యుత్తమమైన వాటిని లెక్కించేటప్పుడు దీనికి మూడవ స్థానం ఇవ్వడం పరిపాటి. అందులోని విషయం వర్షం, తడిసిన కట్టెలు, చల్లబడిన వంటిల్లు, దూరాన ఉన్న పితరుల సమాధులు. మొదటి పంక్తులు చిన్నవిగా, సర్దుకొని కూర్చున్నట్టు ఉంటాయి. పోనుపోను అక్షరాలు పెరుగుతాయి. సిరా చిక్కబడుతుంది. ‘రెల్లు’ అన్న అక్షరం దగ్గర, ‘కాగితం’ అన్న అక్షరం దగ్గర, నిలువు గీత రెండు మూడు అక్షరాల చోటును ఆక్రమిస్తూ కత్తిలా కిందికి దిగిపోతుంది. ఒకచోట వదలిన అక్షరాన్ని పక్కన చిన్నదిగా చేర్చాడు. ఎక్కువైన దాని పక్కన చుక్కలు పెట్టి కొట్టివేశాడు. వాటిని సరిచేసి శుభ్రమైన ప్రతి వ్రాయాలని ఆయన అనుకోలేదు. కాకుల మేడలో పద్యాలకు వివరణలు వ్రాసి ఇచ్చిన చేయి, ఇక్కడ ఎవరికీ వివరణ ఇవ్వడం లేదు. 1100లో ఈ కాగితం చూసిన హ్వాంగ్ తింగ్‌జియెన్, దోంగ్‌పో మళ్ళీ కూర్చొని వ్రాసినా ఇంత బాగా రాదేమో అని దాని చివర వ్రాసిపెట్టాడు.

అంతమాత్రాన భయం పోయిందని కాదు. మరుసటి ఏడు, ‘ఎర్ర కొండ’ గురించి తాను వ్రాసిన ప్రసిద్ధ రచనను ఒక మిత్రునికి స్వహస్తంతో వ్రాసి పంపుతూ, కష్టాలు పడినవాడిని, జంకుతున్నాను, దీన్ని ఎవరికీ చూపక దాచివేయండి అని కింద చిన్న అక్షరాలతో కోరాడు. ఆ ప్రతీ, ఆ కోరికా రెండూ నేడు తైపేలోని జాతీయ ప్రాసాద సంగ్రహాలయంలో ఉన్నాయి.

1085లో ప్రభుత్వం మారి ఆయన తిరిగి రాజధానికి పిలువబడ్డాడు. చక్రవర్తి ఉత్తరువులను రచించే పదవిలో నియమితుడయ్యాడు. హాంగ్‌జో పాలకుడుగా 1090లో పశ్చిమ సరస్సు పూడిక తీయించి, ఆ మట్టితోనే వేయించిన గట్టు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉన్నది. మళ్ళీ గాలి తిరిగింది. 1094లో దక్షిణాన హ్వేజోకు, అక్కడినుంచి 1097లో సముద్రం దాటించి హైనాన్ దీవిలోని దాన్‌జోకు పంపారు. సుంగ్ కాలంలో విద్వాంసులైన అధికారులను చంపే ఆచారం దాదాపు లేదు. కాబట్టి హైనాన్ మరణశిక్షకు ఒక్క మెట్టు దిగువ. ఈ స్థలనిర్ణయం గురించి ఒక కథ ఉంది. మంత్రి జాంగ్ దున్ ఆయన పేరులోని ‘జాన్’ అనే అక్షరాన్ని, ఊరి పేరులోని ‘దాన్’ అనే అక్షరాన్ని పక్కపక్కన చూసి, రెండింటిలో ఒకే భాగం ఉన్నదని, సరదాకు ఆ ఊరు ఖాయం చేశాడట. నిజమో కాదో గాని, అక్షరం వల్ల పేరుపొందిన వాడికి అక్షరం వల్లనే శిక్ష పడిందని జనం చెప్పుకున్నారన్న మాట.

అప్పటికాయనకు అరవై దాటాయి. దీవికి చేరగానే ముందు పెట్టె, ఆపైన గొయ్యి సిద్ధం చేసుకుంటానని మిత్రునికి వ్రాశాడు. చిన్నకుమారుడు సు గువో ఒక్కడే వెంట ఉన్నాడు. స్థానికాధికారి జాంగ్ జొంగ్ దయతలచి సర్కారు వసతిలో చోటిచ్చాడు. ఆ సంగతి పైకి తెలిసి తండ్రీకొడుకులను వెళ్ళగొట్టించారు. జాంగ్ జొంగ్ ఉద్యోగం ఊడింది. చరిత్ర పుస్తకాలలో ఈ జాంగ్ జొంగ్‌కు ఒక పంక్తి కూడా కష్టమే. నేను మాత్రం ఆయన పేరు వదలి ముందుకు పోలేను. చివరకు ఊరివారి సాయంతో, మన జీలుగు చెట్టుకు చుట్టమైన ఒకజాతి తాళవృక్షాల తోపులో గుడిసె వేసుకున్నారు. ఆ గుడిసెకు ఒక శాసనపాఠం వ్రాయదలచి, ఆకు కోసి దానిమీదనే వ్రాశానని సు షి చెప్పుకున్నాడు. కాగితం పుట్టిన దేశంలో, దాన్ని పండించుకున్న సంస్కృతిలో అగ్రశ్రేణి లిపికారుడు, ముసలితనాన తాటియాకుకు చుట్టమైన ఆకు మీదికి వచ్చాడు. తాళపత్రాల జాతివారమైన మనకు ఈ ముచ్చట ప్రత్యేకంగా తగులుతుంది.

దీవిలో పుస్తకాలు లేవు. కుమారుడు ఎరువు తెచ్చిన చరిత్ర గ్రంథాలను ఆసాంతం చేత్తో నకలు చేసుకున్నాడు. వేసవికి, శరత్తుకు నడుమ చెమ్మకు చెడిపోని వస్తువంటూ ఉండదని సు షి వ్రాసిన మాట చదివినప్పుడు, అండమాన్ వానలలో బూజు పట్టే మా పాత దస్త్రాలు కళ్ళముందు కదిలాయి. అంతటి చెమ్మలోనూ ఇక్కడ నూరేళ్ళ ముసలివారు కనబడుతున్నారే అని ఆయన ఆశ్చర్యపడడమూ అక్కడే ఉన్నది. సిరా దొరకదు. పాన్ హెంగ్ అనే సిరా పనివాడు సముద్రం దాటి వచ్చినప్పుడు, ఇద్దరూ పైన్ కట్టె కాల్చి మసి పట్టడం మొదలుపెట్టారు. 1099 చాంద్రమాన సంవత్సరాంతంలో ఒక రాత్రి మసిపొయ్యి మంట చెలరేగి, గుడిసె తగలబడినంత పనయింది. ఆ దెబ్బతో పని ఆపివేశారు. అయితే అప్పటికే చిన్నాపెద్దా కలిసి 500 సిరా ఉండలు చేతికి వచ్చాయి. ఇక జీవితాంతానికి సరిపోతాయని ఆయన సంబరం! చుట్టుపక్కల యువకులు చదువుకు వచ్చేవారు. ఆయన పోయిన తరువాత, 1109లో, దాన్‌జోకు చెందిన ఫు చుయె హైనాన్ దీవి నుంచి ఉన్నత పరీక్షలో నెగ్గిన మొదటివాడయ్యాడు.

1100లో క్షమాభిక్ష లభించింది. దీవి విడిచి ఉత్తరానికి ప్రయాణమై, 1101 ఆగస్టులో చాంగ్‌జోలో సు షి మరణించాడు. అసలు కథ ఆ తరువాతే మొదలైందనిపిస్తుంది. అప్పటి చక్రవర్తి హ్వేజొంగ్ స్వయంగా మహా లిపికారుడు; ప్రధాని త్సాయ్ జింగ్ కూడా అంతటివాడే. సు షి లిపి విలువ వీరిద్దరికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1103లో ఆయన రచనల ముద్రణ ఫలకాలను తగులబెట్టమని ఆజ్ఞ వెలువడింది. పాతపక్షానికి చెందిన 309 మంది పేర్లతో, త్సాయ్ జింగ్ స్వహస్తంతో వ్రాసిన నిందాశాసనాన్ని ప్రతి జిల్లాలో నిలబెట్టారు. ఆ జాబితాలో సు షి ఉన్నాడు. చాంగాన్‌లో రాయి చెక్కవలసిన అన్ మిన్ అనే పనివాడు, ఇందులో సన్మార్గులని లోకమంతా చెప్పుకునేవారి పేర్లున్నాయి, నావల్ల కాదన్నాడు. అధికారి కోపగిస్తే, కన్నీళ్ళతో ఒక్కటే వేడుకున్నాడు: చెక్కుతాను గాని, చివర నా పేరు చెక్కించకండి. మన రాగిశాసనాల చివర చెక్కినవాని పేరు గౌరవంగా కనబడుతూ ఉంటుంది. పేరు వద్దని ఏడ్చినవాడు నాకు ఇతడొక్కడే కనిపించాడు. 1106లో ఆకాశంలో తోకచుక్క కనబడగా, అపశకునమని భయపడి ఆ రాళ్ళను పగలగొట్టించారు. సు షి రచనలపై నిషేధం మాత్రం ఇంకా చాలాకాలం నడిచింది.

షూజోలోని పసుపు మేడ రాయి ఏమైంది? పగలగొట్టమని ఆజ్ఞ వచ్చినప్పుడు అక్కడి పాలకుడు మనసొప్పక దాన్ని కోట అగడ్తలోకి తోయించాడు. కొన్నేళ్ళకు కట్టడి సడలి, రాజధాని ధనవంతులలో సు షి దస్తూరి సేకరించడం గొప్పగా మారింది. అప్పుడు వచ్చిన మియావ్ జొంగ్‌షియెన్ అనే పాలకుడు రాయిని పైకి తీయించి, రాత్రింబవళ్ళు కాగితం అద్ది వేలకొద్దీ నకళ్ళు తీయించాడు. తీయడం పూర్తికాగానే, ‘ఈ మనిషి రచనలపై నిషేధం ఇంకా ఉన్నదే, ఈ రాయి మాత్రం ఎందుకుండాలి?’ అని తోటి అధికారుల ఎదుట ధర్మాగ్రహం ప్రకటించి, రాయిని ముక్కలు చేయించాడు. రాయి పోయిందని తెలియగానే నకళ్ళ ధర పెరిగింది. పదవీకాలం ముగిసిన తరువాత వాటినన్నిటినీ రాజధానికి తీసుకుపోయి అమ్ముకున్నాడు. నిషేధాజ్ఞను అక్షరాలా అమలుపరచి లాభం పొందిన ఇటువంటి అధికారి ఏ దేశ చరిత్రలోనైనా దొరుకుతాడు. కాని ఇంత ముచ్చటగా దొరకడు.

హన్‌షి కాగితపు చుట్ట అనంతర ప్రయాణం కూడా అంత తేలికైనది కాదు. చక్రవర్తుల భాండాగారాలకు చేరింది. దాని అంచున ఉన్న కాలిన మచ్చలు 1860లో బీజింగ్ వేసవి ప్రాసాదం తగలబడినప్పటివని చెబుతారు. తరువాత జపాన్‌కు చేరి, 1923 నాటి టోక్యో భూకంపంలో దాని యజమాని కికుచి ప్రాణాలకు తెగించి మంటల్లోనుంచి బయటికి తెచ్చిన వస్తువులలో ఒకటిగా నిలిచింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాంగ్ షిజియే దాన్ని కొన్నాడు. 1987లో తైపే సంగ్రహాలయం పరమైంది.

నా మనసు మాత్రం అదే సంగ్రహాలయంలో ఉన్న మరొక చిన్న ఉత్తరం మీద నిలుస్తుంది. 1100లో హైనాన్ విడిచి వెళుతూ, ఓడరేవుకు దగ్గరలోని చెంగ్‌మాయ్‌లో రాత్రి బస చేసి, ఆరవ నెల పదమూడవ రోజున, దీవిలో తనకు ఆప్తుడైన ఒకరికి వ్రాసినది. ఆ మిత్రుడు ఊరిలో లేడు. కుమారుడు వచ్చి ఆ మాట చెప్పాడు. ఆవలి ఒడ్డున కలుసుకోగలిగితే సరి, లేకపోతే మళ్ళీ ఎప్పుడో తెలియదని వ్రాశాడు. అక్షరాలు పెద్దవీ చిన్నవీ కలిసి, సిరా ఒకచోట చిక్కబడి ఒకచోట ఆరిపోతూ, దిద్దుబాటు లేకుండా పరుగెత్తాయి. ముదిమిలో ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. తొందరలో ఉన్నానని, సీలు కూడా వేయకుండా ఈ కాగితం మీ అబ్బాయి దగ్గర ఉంచి వెళుతున్నానని అన్నాడు.